సిగ్మా జై చాప్టర్ నుంచి మెయిల్ వచ్చింది, డబ్బులు కట్టి చేరాలా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. నేను అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, ఇప్పుడు రెండో సంవత్సరం. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేసే మెటీరియల్స్ మీద పని. మాది నల్గొండ జిల్లా, అందుకే ఈ టాపిక్ పట్టుకున్నా. పోయిన వారం మా అడ్వైజర్ నన్ను మా యూనివర్సిటీలో ఉన్న సిగ్మా జై అనే పరిశోధకుల ఆనర్ సొసైటీ (గౌరవ సంఘం) చాప్టర్‌కి, అంటే క్యాంపస్ శాఖకి, అసోసియేట్ మెంబర్‌గా నామినేట్ చేశానని చెప్పారు. తర్వాత చాప్టర్ వాళ్ళ మెయిల్ వచ్చింది, చేరాలంటే ఫీజు కట్టాలట, ఏప్రిల్‌లో ఇండక్షన్ డిన్నర్ ఉందట. మా రూమ్మేట్ ఇవన్నీ డబ్బులు గుంజే సొసైటీలే, డిలీట్ కొట్టెయ్ అంటోంది. డల్లాస్‌లో ఉండే మా బావేమో ఈబీ-1 గ్రీన్‌కార్డ్‌కి మెంబర్‌షిప్ పనికొస్తది, ఆలోచించకుండా కట్టెయ్ అంటున్నాడు. నాకు చూస్తే ఇంకా ఫస్ట్ ఆథర్ పేపర్ ఒక్కటి కూడా లేదు, వేరేవాళ్ళ పేపర్లో రెండో పేరు, అది కూడా రివ్యూలోనే ఉంది. అసలు నాకు అర్హత ఉందా అని డౌటు. ఆ డిన్నర్‌కి పోతే అందరూ ప్రొఫెసర్లే ఉంటారు, నేనేం మాట్లాడాలి? ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లీ, ముందు ఒక్క మాటలో చెప్పేస్తాను, చేరు. కానీ మీ బావ చెప్పిన కారణానికి మాత్రం కాదు. ఎందుకు చేరాలో, చేరాక ఏం చేస్తే ఆ డబ్బులకి అర్థం ఉంటుందో కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే ఈ సొసైటీలో చేరి సర్టిఫికెట్ డ్రాయర్లో పెట్టేసి రెండో ఏడాది చందా కట్టడం మానేసిన మన పిల్లల్ని చాలామందిని చూశాను, వాళ్ళకి దీనివల్ల ఏమీ రాలేదు, రాదు కూడా.

నీ రూమ్మేట్ అనుమానం తప్పేం కాదు. అమెరికాలో యూనివర్సిటీలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మెయిల్ బాక్స్‌లో ఏదో ఒక ఆనర్ సొసైటీ పేరుతో అభినందనలు వస్తూనే ఉంటాయి, మీ మార్కులు చూసి ఎంపిక చేశాం, ఇన్ని రోజుల్లోపు కట్టండి అని. వాటిలో కొన్ని మంచివి, కొన్ని పేరు గొప్ప ఊరు దిబ్బ. తేడా కనుక్కోడానికి నేను చూసేవి చాలా మామూలు విషయాలు. నిన్ను ఎవరు పంపించారు, ఆ మనిషి నీ పని ఎరిగినవాళ్ళేనా, మీ క్యాంపస్‌లో ఆ చాప్టర్‌కి ప్రెసిడెంట్‌గా, సెక్రటరీగా ఉన్న మనుషులెవరు, వాళ్ళ ఆఫీసు ఏ బిల్డింగ్‌లో ఉంది, వెళ్ళి తలుపు కొడితే మనిషి ఉంటాడా. నీ విషయంలో నామినేట్ చేసింది మీ అడ్వైజరే, ఆయన నీకు నోటితో చెప్పిన తర్వాతే మెయిల్ వచ్చింది. అంతకంటే పెద్ద రుజువు ఇంకేం కావాలి. అయినా డౌట్ ఉంటే ఆ మెయిల్లో లింక్ నొక్కకుండా యూనివర్సిటీ సైట్లోంచి చాప్టర్ పేజీకి వెళ్ళి అక్కడున్న సెక్రటరీకి ఒక మెయిల్ పెట్టు, ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది.

ఇక సొసైటీ సంగతి. ఇది 1886లో కార్నెల్ యూనివర్సిటీలో మొదలైంది. అప్పటికి అమెరికా కాలేజీల్లో ఫై బీటా కప్పా అని ఒకటి ఉండేది, అది 1776 నాటిది, సాహిత్యం, భాషలు, చరిత్ర లాంటివి చదివేవాళ్ళకి గౌరవం అంటే అదే. ఇంజినీరింగ్, సైన్సు చదివే పిల్లల్ని అలా గుర్తించేవాళ్ళు దాదాపు లేరు. అప్పుడు ఫ్రాంక్ వాన్ వ్లెక్ అనే ఒక కుర్ర లెక్చరరు, కొంతమంది ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్ కలిసి దీన్ని పెట్టారు, అదే టైంలో అక్కడి జియాలజీ ప్రొఫెసర్ హెన్రీ షేలర్ విలియమ్స్ కూడా ఇలాంటి ఆలోచనలోనే ఉంటే ఇద్దరూ కలిశారు. అంటే మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఇంచుమించు నీలాంటివాళ్ళే, పెద్ద పేరు రాకముందు దశలో ఉన్నవాళ్ళు. దాని నినాదానికి తెలుగులో అర్థం చెప్పాలంటే తపనతో పరిశోధన చేసే సహచరులు అని. తర్వాత ఐన్‌స్టీన్, ఫెర్మీ, ఫైన్‌మన్, లైనస్ పాలింగ్, బార్బరా మెక్‌క్లింటాక్ లాంటివాళ్ళు ఇందులో మెంబర్లు, నోబెల్ వచ్చినవాళ్ళే రెండొందల మందికి పైన ఉన్నారు. హెడ్ ఆఫీసు నార్త్ కరొలైనాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో ఉంది, అమెరికన్ సైంటిస్ట్ అనే పత్రిక తీసేది వీళ్ళే, రెండు నెలలకోసారి వస్తుంది, చాలా బాగుంటుంది. నేను మెంబర్‌గా ఉన్నన్నాళ్ళూ నా ఫీల్డ్ కాని విషయాలు చదివింది ఎక్కువ అందులోనే.

ఒక్క సంగతి మాత్రం మనవాళ్ళకి గట్టిగా చెప్పాలి. మనం పెరిగిందంతా మార్కులు, ర్యాంకుల మధ్య కదా, ఆనర్ సొసైటీ అనగానే జీపీఏ ఎంత అని అడుగుతాం. ఇక్కడ చూసేది అది కాదు. ఫై కప్పా ఫై లాంటివి మార్కులు చూస్తాయి, ఇంజినీరింగ్ వాళ్ళకి టౌ బీటా పై ఉంది, అది కూడా క్లాసులో నీ స్థానం చూస్తుంది. సిగ్మా జైలో అడిగేది నువ్వు పరిశోధన చేస్తున్నావా, చేయగలవా అనే. అందుకే నామినేషన్ చేసేవాళ్ళలో నీ పని దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉండాలి.

అందుకని నీ అర్హత గురించి బెంగ పెట్టుకోకు. అసోసియేట్ మెంబర్ అనే మెట్టు పెట్టిందే నీలాంటివాళ్ళ కోసం, పరిశోధకులుగా ఎదిగే సత్తా కనిపించినవాళ్ళకి. పేపర్ ఉండాలన్న రూలు ఆ మెట్టుకి లేదు. నువ్వు ల్యాబ్‌లో ఒక ప్రశ్న పట్టుకుని దాని చుట్టూ ఎక్స్‌పెరిమెంట్లు కట్టుకుంటున్నావా, డేటా తేడాగా వస్తే ఎందుకొచ్చిందో వెతుకుతున్నావా అనేది మీ అడ్వైజర్ రోజూ చూస్తున్నారు, చూశారు కాబట్టే పేరు రాశారు. ఫుల్ మెంబర్ అనేది వేరే మెట్టు, సొంతంగా చెప్పుకోదగ్గ పరిశోధన చేసి చూపించినవాళ్ళకి, దానికి ఫస్ట్ ఆథర్ పేపర్లు, పేటెంట్లు, పీహెచ్‌డీ థీసిస్ లాంటివి చూస్తారు. నీ థీసిస్ అయ్యి రెండు పేపర్లు వచ్చాక అప్పుడు ప్రమోషన్‌కి అడుగుదువుగాని. మీ అడ్వైజర్‌కి నీ మీద ఉన్న నమ్మకం నీకు నీ మీద లేకపోతే ఎలా చెల్లీ, ఆయన ఊరికే మొహమాటానికి పేర్లు రాసే మనిషైతే ల్యాబ్‌లో అందరి పేర్లూ రాసేవారు కదా.

డబ్బులు. స్టైపెండ్ మీద బతికే స్టూడెంట్‌కి ఏ ఫీజైనా బరువే, నాకు తెలుసు. ఇందులో ఎన్నుకునేది ఒక్కసారే, చందా మాత్రం ఏటా కట్టాలి, స్టూడెంట్స్‌కి రేటు తక్కువ ఉంటుంది, కొన్ని చాప్టర్లు లోకల్ ఫీజు అని పైన ఇంకొంచెం వేస్తాయి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఏంటంటే కొన్ని చాప్టర్లలో కొత్త స్టూడెంట్ మెంబర్లకి మొదటి ఏడాది చందా చాప్టరో డిపార్ట్‌మెంటో గ్రాడ్యుయేట్ స్కూలో కడుతుంది. కానీ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, చాప్టర్ సెక్రటరీకి రాసే మెయిల్లోనే మొదటి సంవత్సరం ఫీజుకి ఏమైనా సహాయం ఉందా అని ఒక లైన్ రాయి, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, వాళ్ళని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. డిన్నర్ టికెట్ కూడా కొత్తగా చేరేవాళ్ళకి ఫ్రీ ఉంటుందేమో అడుగు. ఏ సహాయమూ లేక ఈ నెల అద్దెకే కటకటగా ఉంటే వచ్చే ఏడు చేరు, మీ అడ్వైజర్‌కి ఉన్నదున్నట్టు చెప్పు, ఆయన మళ్ళీ నామినేట్ చేస్తారు.

ఇప్పుడు మీ బావ మాట. ఆయన నీ మంచి కోరే చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ ఈ విషయంలో పొరబడ్డారు, నువ్వు ఆ లెక్క పెట్టుకుని చేరితే రేపు నిరాశపడతావు కాబట్టి నిక్కచ్చిగా చెప్తున్నా. ఈబీ-1ఏకి, అంటే అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళ గ్రీన్‌కార్డ్ దారికి, పది రకాల ఆధారాల్లో కనీసం మూడు చూపించాలి, అందులో ఒకటి మెంబర్‌షిప్పులు, నిజమే. కానీ ఆ రూల్లో రాసింది ఏంటంటే, తన సభ్యుల నుంచి అసాధారణమైన సాధన కోరే సంఘం అయ్యుండాలి, ఆ సాధనని దేశ స్థాయిలోనో అంతర్జాతీయ స్థాయిలోనో గుర్తింపు ఉన్న నిపుణులు తూచి ఉండాలి. యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) వాళ్ళు తమ పాలసీలో దీనికి ఉదాహరణగా ఇచ్చింది ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘంలో ఫెలో లాంటి స్థాయి. ఫీజు కడితేనో పత్రిక చందా కడితేనో వచ్చేవి, కేవలం చదువుని బట్టో అనుభవం ఏళ్ళని బట్టో ఇచ్చేవి లెక్కలోకి రావని కూడా అక్కడే ఉంది. సిగ్మా జై అసోసియేట్ మెంబర్‌షిప్ అంటే సొసైటీ తన నోటితో తనే సత్తా ఉన్నవాళ్ళకి ఇస్తున్నాం అంటోంది. సత్తా వేరు, అసాధారణ సాధన వేరు. ఆఫీసర్ టేబుల్ మీద ఆ రెండూ ఒకటి కావు.

ఈ మధ్య మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈబీ-1 ప్రొఫైల్ కట్టిస్తాం అని తిరిగే కన్సల్టెంట్లు ఎక్కువయ్యారు, ఇన్ని డాలర్లకి ఒక అవార్డు, ఇన్ని డాలర్లకి ఒక మెంబర్‌షిప్, ఇంకో రేటుకి పేపర్లో పేరు కూడా. మీ బావకి ఆ ప్రచారం చెవిన పడే ఉంటుంది. నువ్వు వాటి దరిదాపుల్లోకి వెళ్ళకు. నీ పేరు మీద రేపు వచ్చే ప్రతి నిజమైన పేపర్‌నీ ఒక కొన్న పేపర్ అనుమానంలోకి నెడుతుంది, వీసా ఫైల్లో ఒకసారి అబద్ధం దొరికితే అది జన్మంతా వెంటాడుతుంది. పైగా నువ్వు చేరబోయే ఈ సొసైటీ పరిశోధనలో నిజాయితీ గురించి 1984లోనే ఆనర్ ఇన్ సైన్స్ అని ఒక చిన్న పుస్తకం వేసింది, డేటా దిద్దడం, అనుకూలంగా లేనిది వదిలేయడం లాంటి వాటి మీద, కుర్ర పరిశోధకుల్ని ఉద్దేశించి. దొరికితే చదువు, నీ వయసులో చదవాల్సిన పుస్తకం అది. గ్రీన్‌కార్డ్ సంగతి పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఒక మంచి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు, తాగునీటి మీద పనిచేసేదానివి కాబట్టి ఎన్‌ఐడబ్ల్యూ (దేశ ప్రయోజనం చూపించి గ్రీన్‌కార్డ్ అడిగే) దారి కూడా అడిగి తెలుసుకో, అప్పటికి నీ చేతిలో ఉండాల్సింది పేపర్లు, వాటిని వేరేవాళ్ళు వాడుకున్న దాఖలా.

మరైతే ఎందుకు చేరమంటున్నా అంటే రెండు కారణాలు.

మొదటిది గ్రాంట్. సిగ్మా జై 1922 నుంచీ స్టూడెంట్స్‌కి చిన్న చిన్న రీసెర్చ్ గ్రాంట్లు ఇస్తోంది, గ్రాంట్స్ ఇన్ ఎయిడ్ ఆఫ్ రీసెర్చ్ అంటారు. మామూలుగా వెయ్యి డాలర్ల వరకు. నువ్వు అమెరికా సిటిజెన్ కాకపోయినా అప్లై చేయొచ్చు, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ లాంటి పెద్దవి మనకి తలుపులు మూసే ఉంటాయి, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి సొంత పేరు మీద వచ్చే గ్రాంట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. మెంబర్ కాకపోయినా చాలా విభాగాల్లో అప్లై చేయొచ్చు కానీ డబ్బుల్లో పెద్ద భాగం చందా కట్టే స్టూడెంట్ మెంబర్లకీ, అడ్వైజర్ మెంబర్‌గా ఉన్న స్టూడెంట్స్‌కీ పక్కన పెడతారు. మీ అడ్వైజర్ కూడా మెంబరే అయితే నీకు రెండూ కుదురుతాయి. ఏడాదికి రెండుసార్లు గడువు ఉంటుంది, మార్చి 15, అక్టోబర్ 1. అప్లై చేసే ముందు ఆ ఏటి రూల్స్ ఒకసారి చూసుకో.

వెయ్యి డాలర్లతో ఏం వస్తుంది అనుకుంటావేమో. నీ పనినే తీసుకుందాం. నువ్వు ఇప్పుడు ల్యాబ్‌లో సోడియం ఫ్లోరైడ్ డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుకుని నీ మెటీరియల్ ఎంత పట్టుకుంటుందో చూస్తుంటావు, అవునా. లీటరుకి పది మిల్లీగ్రాములు పోసి ఒకటిన్నర కిందకి తెచ్చాను అని గ్రాఫ్ గీస్తావు, డబ్ల్యూహెచ్‌ఓ హద్దు ఒకటిన్నర కదా. కానీ మీ జిల్లాలో మర్రిగూడ వైపు బోరు నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ కాదు, అందులో బైకార్బనేట్ ఉంటుంది, సిలికా ఉంటుంది, పీహెచ్ ఎక్కువ ఉంటుంది, ఇవన్నీ ఫ్లోరైడ్‌తో పోటీపడి నీ మెటీరియల్ మీద చోటు ఆక్రమించేస్తాయి. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన ఎన్నో మెటీరియల్స్ ఊళ్ళో నీళ్ళు పోయగానే చతికిలబడ్డాయి. కాబట్టి నిజమైన బోరు నీళ్ళ మీద పరీక్ష అనేది నీ థీసిస్‌లో ఎలాగూ ఉండాల్సిన చాప్టర్, దానికి మీ అడ్వైజర్ ప్రాజెక్టులో డబ్బు ఉండకపోవచ్చు. ఈ గ్రాంట్ సరిగ్గా అలాంటి చోట పనికొస్తుంది.

జీతానికి, ట్యూషన్‌కి, కాన్ఫరెన్స్‌కి వెళ్ళడానికి, పేపర్ అచ్చు వేయించుకోడానికి ఈ డబ్బు ఇవ్వరు. రీసెర్చ్ చేసే చోటుకి వెళ్ళిరావడానికి, మీ ల్యాబ్‌లో మామూలుగా ఉండని వస్తువులకి ఇస్తారు. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ కొంటాను అని రాస్తే అది మీ ల్యాబ్‌లో ఉండాల్సిందే కదా అంటారు, రాయకు. అమెరికా నుంచి హైదరాబాద్ టికెట్ పెడితే మొత్తం దానికే పోతుంది, సెలవులకి ఎలాగూ ఇంటికి వెళ్తావు కాబట్టి అది నీ ఖర్చులో వేసుకుని, ఊళ్ళు తిరగడానికి బండి అద్దె, ప్లాస్టిక్ శాంపిల్ బాటిల్స్ (ఫ్లోరైడ్ నీళ్ళు గాజు సీసాలో పట్టకూడదని నీకు చెప్పక్కర్లేదు), నీళ్ళలో మిగతా అయాన్ల పరీక్షలు అక్కడే ఒక ల్యాబ్‌లో చేయించుకుంటే దాని చార్జీలు, శాంపిల్స్ తెచ్చుకునే ఖర్చు, ఇలా ఒక్కో లైన్ రాసి పక్కన ఎందుకో ఒక్క వాక్యం రాయి. గుండ్రంగా ట్రావెల్ 500, మిసిలేనియస్ 500 అని రాసిన బడ్జెట్ చూస్తే చదివేవాళ్ళకి ఈ అమ్మాయి ఇంకా ఆలోచించలేదు అని అర్థమైపోతుంది.

ఇంకోటి, ఆ అప్లికేషన్ చదివేది ఫ్లోరైడ్ స్పెషలిస్టే అయ్యుండాలని లేదు, మెంబర్లే వాలంటీర్లుగా చదువుతారు, వేరే ఫీల్డ్ మనిషి చేతిలో పడొచ్చు. నల్గొండ అంటే వాళ్ళకి ఏం తెలుసు. కానీ 1970ల్లో నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది, అది ప్రపంచంలో ఈ ఫీల్డ్ పుస్తకాలన్నిటిలో ఉంటుంది, అక్కడ మొదలుపెట్టు. మా జిల్లా పేరుతోనే ఒక టెక్నిక్ ఉంది, దానిలో మిగిలిపోయే అల్యూమినియం, బురద సమస్య ఉన్నాయి, నా మెటీరియల్ అక్కడ ఏం మెరుగు చేస్తుందో చూడాలనుకుంటున్నా అని రాస్తే ఏ ఫీల్డ్ మనిషైనా చదువుతాడు. విషయం తెలిసిన రివ్యూయర్ అయితే ఇంకో ప్రశ్న వేస్తాడు, ఇప్పుడు మిషన్ భగీరథ కింద అక్కడ ఇళ్ళకి నది నీళ్ళు ఇస్తున్నారు కదా, ఇంకా బోరు నీళ్ళ మీద పనెందుకు అని. ఇది తప్పించుకునే ప్రశ్న కాదు. నీళ్ళు రాని రోజుల్లో ఏం తాగుతున్నారు, పొలం పనికి వెళ్ళినప్పుడు ఏం తాగుతున్నారు, పశువులకి ఏం పడుతున్నారు, ఇవి మీ ఊళ్ళో మీవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుని, వెళ్ళినప్పుడు కళ్ళతో చూసి, ఉన్నదే రాయి. అవసరం తగ్గిందని తేలితే అదీ రాయి, అప్పుడు భగీరథ లాంటి పథకం లేని వేరే ప్రాంతాలకి నీ పని ఎలా పనికొస్తుందో చెప్పు. అడ్వైజర్ నుంచి రికమెండేషన్ లెటర్ కావాలి, ఆయనకి కనీసం మూడు వారాల ముందు అడుగు, అడిగేటప్పుడు నీ డ్రాఫ్ట్ కూడా ఇవ్వు.

ఈ గ్రాంట్ వస్తే వెయ్యి డాలర్ల కంటే పెద్ద లాభం ఇంకోటుంది. నీ ఆలోచనకి నీ పేరు మీద, నువ్వు రాసిన ప్రపోజల్‌కి, వేరేవాళ్ళు చదివి డబ్బిచ్చారు. రేపు పోస్ట్‌డాక్‌కి వెళ్ళినా, ఇండియా వచ్చి హైదరాబాద్‌లో ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ సంస్థ)కో నీరి జోనల్ సెంటర్‌కో అప్లై చేసినా సీవీలో చూసేవాళ్ళ కన్ను ఆ లైన్ మీద ఆగుతుంది. సిగ్మా జై అసోసియేట్ మెంబర్ అన్న లైన్ మీద ఆగదు. ఆ లైన్ రాయి, తప్పు లేదు, చివర్లో ప్రొఫెషనల్ మెంబర్‌షిప్స్ కింద అసోసియేట్ మెంబర్, ఏడాది, చాప్టర్ పేరు రాసి వదిలెయ్, అవార్డ్స్ కింద మాత్రం పెట్టకు.

రెండో కారణం మనుషులు. నాకు ఇదే ఎక్కువ ఇష్టమైన కారణం కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు. పీహెచ్‌డీలో రెండో ఏడాది దాటాక మన ప్రపంచం ఎంత ఇరుకవుతుందో చూడు, ల్యాబ్, రూమ్, వారానికోసారి ఇండియన్ గ్రోసరీస్, పలకరించే పదిమందిలో ఆరుగురు తెలుగువాళ్ళు, మిగతా నలుగురు అదే ల్యాబ్. నువ్వు చేసే పని గురించి నీ ల్యాబ్ బయట మనిషికి చెప్పిన సందర్భం ఎప్పుడైనా ఉందా? మిగతా సొసైటీలన్నీ ఒక్కో ఫీల్డ్‌వి, కెమిస్ట్రీ వాళ్ళది కెమిస్ట్రీ వాళ్ళకి, సివిల్ వాళ్ళది సివిల్ వాళ్ళకి. సిగ్మా జై చాప్టర్లో ఖగోళం వాళ్ళు, పురుగుల మీద పనిచేసేవాళ్ళు, సైకాలజీ వాళ్ళు, వెటర్నరీ వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఫ్లోరైడ్ రాళ్ళలోంచి వస్తుంది, మీ జిల్లా గ్రానైట్‌లోంచి, అది ఏ రాయిలోంచి ఎలా కరిగి వస్తుందో తెలిసినవాళ్ళు జియాలజీలో ఉంటారు. అది పళ్ళలో, ఎముకల్లో ఏం చేస్తుందో తెలిసినవాళ్ళు డెంటల్ స్కూల్లోనో మెడిసిన్‌లోనో ఉంటారు. ఊళ్ళో జనం ఫిల్టర్ ఇచ్చినా ఎందుకు వాడరో తెలిసినవాళ్ళు సోషియాలజీలో, పబ్లిక్ హెల్త్‌లో ఉంటారు. వీళ్ళందరినీ విడివిడిగా వెతుక్కుని మెయిల్స్ పెట్టాలంటే నీకు ధైర్యం చాలదు, అక్కడైతే పక్క కుర్చీలో కూర్చుని ఉంటారు.

డిన్నర్‌లో ఏం మాట్లాడాలి అన్నావు. అందరూ ప్రొఫెసర్లే అనుకోకు, నీతో పాటు కొత్తగా చేరే గ్రాడ్ స్టూడెంట్స్, అండర్‌గ్రాడ్స్ కూడా ఉంటారు, వాళ్ళూ బిక్కుబిక్కుమంటూనే ఉంటారు. నీ పని గురించి మూడు వాక్యాలు ముందే తయారుచేసుకో, ఫీల్డ్ మాటల్లేకుండా. "మా జిల్లాలో భూమిలో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపట్టి ఎముకలు వంగిపోతాయి, దాన్ని చవకగా తీసేసే పదార్థం తయారు చేస్తున్నా" అంటే చాలు, అవతలివాళ్ళే అడుగుతారు, అమెరికాలో చాలా చోట్ల మంచినీళ్ళలో ఫ్లోరైడ్ కావాలని కలుపుతారు కదా అని. అదిగో మాట మొదలైనట్టే, ఎంత అయితే మంచిది ఎంత దాటితే చెడ్డది అనేది నీకంటే బాగా చెప్పేవాళ్ళు ఆ బల్ల దగ్గర ఎవరుంటారు. తర్వాత నువ్వూ అడుగు, మీరేం చేస్తుంటారు, ఈ ఏడు మీకు తెగని ప్రశ్న ఏది అని. పరిశోధన చేసేవాళ్ళకి ఆ ప్రశ్న అడిగితే ప్లేట్లో అన్నం చల్లారిపోయేదాకా చెప్తారు. సర్ అనీ మేడమ్ అనీ లేచి నిలబడక్కర్లేదు, డాక్టర్ ఫలానా అని ఇంటిపేరుతో పిలువు, వాళ్ళే పేరు పెట్టి పిలవమంటే అలాగే పిలువు. వెజిటేరియన్ అయితే ఆర్‌ఎస్‌వీపీలోనే రాయి, అక్కడికెళ్ళి సలాడ్‌తో సరిపెట్టుకునే పని లేకుండా. ఇంకో తెలుగమ్మాయి కనిపిస్తే పలకరించు, కానీ భోజనం అంతా ఆమె పక్కనే కూర్చోకు.

చేరాక ఏడాదిలో ఒక పనైనా పట్టుకో. చాప్టర్లలో పని చేసేవాళ్ళు ఎప్పుడూ తక్కువే, పోస్టర్ పోటీ పెడతారు, స్కూల్ పిల్లల సైన్స్ ఫెయిర్‌కి జడ్జీలు కావాలంటారు, సొసైటీ తన డిస్టింగ్విష్డ్ లెక్చరర్స్ జాబితాలోంచి ఒక శాస్త్రవేత్తని పిలిచి ఉపన్యాసం పెట్టిస్తుంది, ఆ వచ్చినాయన్ని క్యాంపస్ తిప్పడానికి ఒక స్టూడెంట్ కావాలి. నువ్వు చెయ్యెత్తు. ఒక పెద్ద శాస్త్రవేత్తతో గంటసేపు నడుస్తూ మాట్లాడే అవకాశం ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు. అలాగని నెలకి రెండు సాయంత్రాల కంటే ఎక్కువ ఇవ్వకు, నీ క్వాలిఫయింగ్ ఎగ్జామ్, నీ మొదటి పేపర్ ముందు. రెండేళ్ళు చూశాక మీ చాప్టర్ పేరుకే ఉంది, మీటింగులు లేవు, గ్రాంట్‌కి కూడా నీకు అవసరం తీరిపోయింది అనిపిస్తే చందా ఆపెయ్, అందులో నామోషీ ఏం లేదు, తర్వాత ఎప్పుడైనా మళ్ళీ కట్టి కొనసాగొచ్చు.

ఈ రాత్రికి చేయాల్సిన పని ఒకటే. మీ అడ్వైజర్‌కి నాలుగు లైన్ల మెయిల్ రాయి, నామినేట్ చేసినందుకు థాంక్స్, చేరుతున్నాను, అక్టోబర్ 1 గ్రాంట్‌కి బోరు నీళ్ళ శాంపిల్స్ మీద ఒక చిన్న ప్రపోజల్ రాయాలనుకుంటున్నాను, వచ్చే మీటింగ్‌లో పది నిమిషాలు దాని గురించి మాట్లాడొచ్చా అని. మీ బావకి ఫోన్ చేసినప్పుడు గ్రీన్‌కార్డ్ సంగతి నేను చెప్పింది మెల్లగా చెప్పు, మర్యాదగానే చెప్పు. మీ రూమ్మేట్‌ని ఆ డిన్నర్‌కి గెస్ట్‌గా తీసుకెళ్ళొచ్చేమో సెక్రటరీని అడుగు, చాలా చోట్ల ఒక్కరిని తెచ్చుకోనిస్తారు.